ప్రొబేషన్ అధికారిని తప్పించుకు తిరిగితే...

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. తాగిన మత్తులో పొరుగింటాయనను కొట్టాడు. నేరం రుజువైనా కోర్టు జైలుకు పంపకుండా రెండేళ్ల ప్రొబేషన్‌పై, అంటే ఒక అధికారి పర్యవేక్షణలో షరతులతో, వదిలింది. నాన్న పూచీకత్తు ఇచ్చారు. వాడేమో గది దాటి రావడం లేదు. అధికారి రమ్మన్న రోజున కూడా వెళ్లలేదు. నాన్న రోజూ తిడుతున్నారు. హైదరాబాద్‌లో మేనమామ దగ్గరికి పనికి పంపేద్దామా?
- ఒక అక్క, కర్నూలు జిల్లా

సలహా: అమ్మా, హైదరాబాద్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు బాండు కాగితం తీసి షరతులు చదవండి. ఎక్కడ ఉండాలో అందులో రాసి ఉంటే, చెప్పకుండా ఊరు దాటడం షరతు ఉల్లంఘనే. అప్పుడు మీ తమ్ముడికే కాదు, పూచీ పడిన నాన్నగారికీ కోర్టు సమన్లు రావచ్చు. పాత నేరానికి శిక్ష వేసే అధికారం కూడా కోర్టుకు ఉంది. మొదటి ఉల్లంఘన అయితే యాభై రూపాయలకు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు (ఈ ప్రొబేషన్ చట్టం 1958 నాటిది మరి!). ఆ వెసులుబాటు దొరుకుతుందిలే అని కూర్చోకండి. రేపే అధికారికి ఫోన్ చేసి, రాలేకపోయిన కారణం ఉన్నదున్నట్లు చెప్పండి.

మీ ఇంట్లో అందరూ ప్రొబేషన్ అధికారిని మరో పోలీసుగా చూస్తున్నట్లున్నారు. నిఘా ఆయన పనిలో సగమే. అవసరమైతే తగిన పని చూసిపెట్టే ప్రయత్నం చేయడం కూడా చట్టంలోని 14వ సెక్షన్ ఆయనకు అప్పగించిన బాధ్యత. మేనమామ దగ్గర నిజంగానే మంచి పని ఉంటే, ఆ సంగతి ఆయనకే చెప్పండి. షరతులు మార్చమని కోర్టును కోరగలిగేది ఆయనే. కాగితాలు అర్థం కాకపోతే న్యాయ సహాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ నంబరు 15100.

నాకు ఎక్కువ దిగులు కలిగిస్తున్నది ఆ మూసిన గది. తాగుడు ఆగిందో లేదో మీరు రాయలేదు. ఆగకపోతే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు, ముభావంగా ఉంటూ నిద్ర, తిండి మానేస్తుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే మాత్రం ఫోన్‌తో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బతుకు ముగిసిపోయిందని వాడు అనుకుంటుండవచ్చు. ఈ చట్టం కింద విడుదలైన వారికి, శిక్షపడిందన్న కారణంగా వచ్చే అనర్హత వర్తించదని 12వ సెక్షన్ చెబుతోంది. అలాగని ఉద్యోగ దరఖాస్తులో కేసు గురించి అడిగితే దాచకూడదు.

నాన్నగారి కోపంలో భయం కూడా ఉంది, సంతకం పెట్టింది ఆయనే కదా. అయినా ఈసారి అధికారి దగ్గరికి తమ్ముడి వెంట ఆయన్ను పంపకండి, మీరు వెళ్లండి.