భరణం, మనోవర్తి, జీవనాంశం: మూడూ ఒకటేనా?

సందేహం: మా చెల్లెలి కోర్టు కాగితాల్లో ‘మనోవర్తి’ అని ఉంది. పేపర్లలో ‘భరణం’ అని రాస్తారు. కుప్పంలోని బంధువులు ‘జీవనాంశం’ అంటున్నారు. మూడూ ఒకటేనా? ‘న్యాయిక వేర్పాటు’ అంటే విడాకులేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మొదటి మూడూ ఒకటే, పోషణకిచ్చే సొమ్ము. జీవనాంశం తమిళ, కన్నడాల్లోని వాడుక. రెండు రాష్ట్రాల సరిహద్దులోని కుప్పంలో ఆ మాట వినబడటంలో వింతేమీ లేదు. భరణంలోని ‘భృ’ ధాతువుకు పోషించడమని అర్థం. భర్త, భార్య కూడా దాన్నుంచి వచ్చినవే: పోషించేవాడు, పోషించదగినది. చట్టం మాత్రం ఈ వ్యుత్పత్తికి కట్టుబడలేదు. హిందూ వివాహ చట్టం (1955) 24వ సెక్షన్ కింద, చాలినంత ఆదాయం లేని భర్త కూడా భార్య నుంచి అడగొచ్చు.

అందుకే మాటకన్నా సెక్షన్ చూడండి. 24 అయితే కేసు నడిచినన్నాళ్లు ఇచ్చే మధ్యంతర భరణం. 25 అయితే శాశ్వత భరణం. నెలనెలా ఇవ్వొచ్చు, ఒకేసారీ ఇవ్వొచ్చు. ‘శాశ్వత’ అన్నారని నిశ్చింతగా ఉండకండి: పరిస్థితులు మారితే కోర్టు ఆ ఆదేశాన్ని మార్చగలదు, రద్దూ చేయగలదు. ఇక పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125వ సెక్షన్ ఉందే, అది 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 అయింది. దీనికి విడాకుల కేసు ఉండనక్కర్లేదు. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అడగొచ్చు. భర్తకు ఇక్కడ వీల్లేదు.

న్యాయిక వేర్పాటు (సెక్షన్ 10) విడాకులు (సెక్షన్ 13) కాదు. కలిసి కాపురం చేయాల్సిన బాధ్యత తప్పుతుంది, పెళ్లి మాత్రం నిలిచే ఉంటుంది. కోర్టే విడదీసింది కదా అని మరో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు, పైగా నేరం. వేర్పాటు డిక్రీ (కోర్టు ఉత్తర్వు) తర్వాత ఏడాదిపాటు ఇద్దరూ కలిసి కాపురం చేయకపోతే విడాకులకు పిటిషన్ వేసుకోవచ్చు. ఏడాది గడిచినంత మాత్రాన విడాకులు వచ్చేసినట్టు కాదు. రెంటికీ ‘విడిపోయారు’ అనేయడమే మన వాడుకలోని చిక్కు. రాసేటప్పుడు ‘వేరుగా ఉంటున్నారు’, ‘విడాకులు తీసుకున్నారు’ అని తేడా చూపడం మంచిది.

మీ చెల్లెలి కాగితాల మొదటి పేజీ చూడండి. ‘ఎంసీ’ (మెయింటెనెన్స్ కేస్) అని నంబరుంటే సాధారణంగా 144 కింది మనోవర్తి కేసు. ‘హెచ్‌ఎంఓపీ’ (హిందూ మ్యారేజ్ ఒరిజినల్ పిటిషన్), ‘ఎఫ్‌సీఓపీ’ (ఫ్యామిలీ కోర్టు ఒరిజినల్ పిటిషన్) అయితే వివాహానికి సంబంధించిన పిటిషన్. దాంట్లోనే ‘ఐఏ’ (కేసు మధ్యలో వేసే అనుబంధ దరఖాస్తు) నంబరుతో మనోవర్తి అడిగితే అది దాదాపుగా 24 కిందే.