కెనడా ఉత్తరాది మంచు ప్రాంతాల మూలవాసులైన ఇన్యుయిట్ ప్రజలకు టీబీ అంత ఎక్కువ ఎందుకు? జన్యువుల వల్లేనా?

జన్యువులు కాదండీ, ముందు చూడాల్సింది వాళ్ల ఇళ్లని. 2016లో ఇన్యుయిట్‌లలో టీబీ రేటు, కెనడాలో పుట్టిన మూలవాసేతరులతో పోలిస్తే దాదాపు 300 రెట్లు ఉంది, ఒకే దేశంలో! టీబీ గాలి ద్వారా సోకుతుంది. ఇన్యుయిట్‌లు ఎక్కువగా ఉండే ఉత్తరాది ప్రాంతం నునావుట్‌లో ఇళ్ల కొరత వల్ల చాలామంది ఇరుకు ఇళ్లలో సర్దుకుని బతుకుతారు, చలికి తలుపులూ కిటికీలూ బిగించేస్తారు, అలాంటి చోట ఒకరు దగ్గితే ఇంటిల్లిపాదీ ఆ గాలే పీల్చాలి.

ఒంట్లో చేరిన క్రిమి ఏళ్ల తరబడి నిద్రపోవచ్చు, సరైన తిండి లేకపోయినా, పొగ తాగినా అది లేచే ప్రమాదం పెరుగుతుంది. నునావుట్‌లోని 25 ఊళ్లని కలిపే రోడ్లే లేవు, సరుకులు విమానంలోనో, వేసవిలో ఓడల్లోనో రావాలి, కాబట్టి ధరలు మండిపోతాయి. పెద్ద డాక్టరుకి చూపించుకోవాలన్నా విమానం ఎక్కాల్సిందే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది దీని వెనకున్న చరిత్ర. 1940ల నుంచి 60ల దాకా టీబీ ఉన్నవాళ్లని ఓడ ఎక్కించి దక్షిణాది శానటోరియంలకి (టీబీ ఆసుపత్రులకి) తీసుకెళ్లారు, ఒక్కోసారి ఇంటివాళ్లకి వీడ్కోలు చెప్పే వీలు కూడా లేకుండా. అక్కడే చనిపోయిన కొందరిని ఎక్కడ పూడ్చారో కుటుంబాలకి దశాబ్దాలపాటు తెలియలేదు. అలాంటి అనుభవం ఉన్న ఇంట్లో దగ్గు వస్తే పరీక్షకి వెళ్లాలంటే భయం ఉండదా? 2019లో అప్పటి కెనడా ప్రధాని ట్రూడో నునావుట్ రాజధాని ఇకాలుయిట్ వెళ్లి దీనికి క్షమాపణ చెప్పారు. 2030కల్లా ఇన్యుయిట్ ప్రాంతాల్లో టీబీని నిర్మూలించాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం.