హనుమకొండలో బేస్ గిటార్ నేర్పేవారు దొరకలేదు, ట్యాబ్ చూసి రాక్ పాటలు నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. గురువు దొరకలేదని ఆగిపోకండి. ట్యాబ్ అంటే ఒక్కో తీగకు ఒక్కో గీత గీసి, ఎక్కడ నొక్కాలో అంకెలతో రాసిన కాగితం. బేస్‌కు నాలుగు గీతలు, వాటి మీద అంకెలు చదవడం ఒక్క సాయంత్రం పని. కింది గీత లావు తీగ, అంకె ఫ్రెట్, అంటే గిటారు మెడ మీద ఎన్నో మెట్టు దగ్గర నొక్కాలో, సున్నా అంటే నొక్కకుండా మీటడం. అసలు సంగతి వేరే ఉంది. ఉచితంగా దొరికే ట్యాబుల్లో చాలావాటిలో వేలు ఎక్కడ పెట్టాలో ఉంటుంది, స్వరం ఎంతసేపు మోగాలో ఉండదు. బేస్‌కు ఆ రెండోదే ప్రాణం.

మా స్నేహితుడి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. పోయిన వేసవిలో బేస్ భుజాన వేసుకుని కాజీపేటలో మా ఇంటికి వచ్చాడు. పాట క్వీన్ బృందం 1980లో ఇచ్చిన ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’. ట్యాబ్ అచ్చు తీసి తెచ్చాడు. అంకె ఒక్కటీ తప్పలేదు, అయినా అది ఏ పాటో ఎవరూ చెప్పలేరు. ఐదు, మూడు, తర్వాత మూడు సున్నాలు. ఆ సున్నాలను ఒకదాని మీద ఒకటి మోగనిస్తూ పోతున్నాడు.

“మామా, అన్నీ సరిగ్గానే నొక్కుతున్నాను కదా, పాట ఎందుకు రావడం లేదు?” అన్నాడు. పాపం, దాదాపు ఏడుపు గొంతు.

బేస్ పక్కన పెట్టించి, తొడ మీద తాళం వేస్తూ నోటితో పాడమన్నాను. సిగ్గుపడ్డాడు. నేనే మొదలుపెట్టాను: దుం, దుం, దుం. ఆ పాట రాసిందీ, బేస్ వాయించిందీ క్వీన్ బృందంలోని జాన్ డీకన్. ఆ మూడు స్వరాలనూ మోగీ మోగగానే ఆపేస్తాడాయన. మధ్యలో వచ్చే ఆ ఖాళీ లేకపోతే పాటే లేదు. ట్యాబులో ఖాళీకి అంకె ఉండదు కాబట్టి పిల్లవాడికి అది కనబడలేదు.

మన కర్ణాటక సంగీత పుస్తకాల్లో ఈ ఇబ్బంది లేదు. స్వరం పక్కన కామా ఉంటే ఒక అక్షరకాలం సాగదీయాలి, సెమికోలన్ ఉంటే రెండు. అదే పద్ధతిని ఆ పిల్లవాడి ట్యాబ్ కాగితం మీదికి తెచ్చాం. దెబ్బ దెబ్బకీ పెన్సిలుతో నిలువు గీత గీసి, సాగేచోట కామా, తీగను ఆపాల్సిన చోట ఇంటూ గుర్తు పెట్టాం. ఆ పాట వేగం నిమిషానికి సుమారు 110 దెబ్బలు. మేము 70 దగ్గర మొదలుపెట్టాం. చీకటి పడేసరికి మొదటి వరుస నిలబడింది. రెండో వరుసలో మూడో ఫ్రెట్ దగ్గర మాత్రం తొందరపడుతూనే ఉన్నాడు. దానికి ఇంకా సాధన కావాలి.

లయ మనకు రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర అంతమంది ఆడవాళ్లు ఒకే దెబ్బకు చప్పట్లు కొట్టడం చూస్తూ పెరిగిన ఊరు మనది. పింక్ ఫ్లాయిడ్ బృందం వారి 1973 నాటి ‘మనీ’ ఏడు దెబ్బల పాట అని చాలామంది భయపడతారు. మన ఏడు దెబ్బల తాళం మిశ్రచాపు తెలిసినవారికి భయం ఎందుకు? తకిట తకధిమి అని వేసుకుంటూ లెక్కపెట్టండి, సరిపోతుంది.

ఇంకో మాట. దయచేసి ఫోను స్పీకరులో విని నేర్చుకోకండి. బేస్ లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంత కింది ధ్వనిని ఆ చిన్న స్పీకరు పలికించలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముందు బేస్‌ను వెంబడి పాడగలిగేదాకా వినండి, ఆ తర్వాతే ట్యాబ్ తెరవండి. మన దగ్గర బరాత్‌లలో కిటికీలు అదిరేలా పెట్టే డీజే పెట్టెల వల్ల బేస్ అంటే ఉత్త దడదడ అని జనం అనుకుంటున్నారు. నాకు అది నిజంగా బాధ కలిగిస్తుంది. అందులో స్వరమే వినిపించదు.

ట్యాబ్ పైభాగంలో ట్యూనింగ్, అంటే ఏ తీగను ఏ స్వరానికి బిగించాలో, రాసి ఉంటే తప్పకుండా చదవండి. తీగల శ్రుతి కిందికి దించి వాయించిన పాటలు చాలా ఉన్నాయి. అవి మామూలు ట్యూనింగులో రికార్డుతో కలవవు. అలాగే లావు తీగ మీద ఐదో ఫ్రెట్టూ, దాని పక్క తీగ సున్నా ఒకే స్వరం. ట్యాబ్ రాసినవారు ఒకటి ఎంచుకున్నారు కదా అని మీరు చెయ్యి అటూ ఇటూ పరుగెత్తించాల్సిన అవసరం లేదు, దగ్గరున్నది పట్టుకోండి.

తీగలు కొనేటప్పుడు కూడా జాగ్రత్త. ఒక దుకాణంలో నేను బేస్ తీగలు అడిగితే మామూలు గిటారు తీగల పొట్లం చేతిలో పెట్టి, నాలుగు వాడుకుని రెండు దాచుకోమన్నారు. అవి బేస్‌కు పనికిరావు. మీ బేస్ స్కేలు పొడవు, అంటే రెండు చివర్లా తీగ ఆనే చోట్ల మధ్య దూరం, కొలిచి వెళ్లండి. ఎక్కువ వాటికి 34 అంగుళాలు ఉంటుంది. ఆ కొలతకు సరిపడే బేస్ తీగలే కావాలని గట్టిగా అడగండి.