రోమన్ లా చదివితే కేసులొస్తాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఎల్‌ఎల్‌బీ మూడో ఏడాది. జర్మనీలో ఎల్‌ఎల్‌ఎం చేస్తానంటూ ఇప్పటినుంచే రోమన్ లా పుస్తకాలు ముందేసుకుంది. ఆ పాత చట్టం ఎందుకు పనికొస్తుంది? టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రోమన్ లా వచ్చని ఏ క్లయింటూ వకాల్తా ఇవ్వడండీ, అందులో మీరు కరెక్టే. మన చట్టాలు ఎక్కువగా ఇంగ్లిష్ దారిలో వచ్చినవి. జర్మనీ సంగతి వేరు. 1900లో అమల్లోకొచ్చిన వాళ్ల సివిల్ కోడ్‌కు పునాది, 533లో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కూర్పించిన డైజెస్ట్, అంటే పాత రోమన్ న్యాయనిపుణుల రాతల సంకలనం.

అయితే అమ్మాయిని యాభై భాగాల డైజెస్ట్‌తో కుస్తీ పట్టనివ్వకండి. 2వ శతాబ్దంలో గైయస్ అనే రోమన్ న్యాయనిపుణుడు విద్యార్థుల కోసం రాసిన ఇన్‌స్టిట్యూట్స్ అనే పాఠ్యపుస్తకంతో మొదలుపెట్టమనండి, ఇంగ్లిష్ అనువాదం చాలు. అందులో ఎద్దును కొనే తంతు ఉంది. వయసొచ్చిన ఐదుగురు పౌరులు సాక్షులు, తక్కెడ పట్టుకోవడానికి ఇంకొకడు. కొనేవాడు ఎద్దును పట్టుకుని 'ఇది నాది' అని, కంచు ముక్కతో తక్కెడను కొట్టి, ఆ ముక్కను అమ్మేవాడికిస్తాడు. ఇటలీలో పొలం చేతులు మారాలన్నా ఇదే తంతు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసే నయం, ఇద్దరు సాక్షులతో పోతుంది!

తంతు చేయకుండా ఊరికే అప్పగిస్తే? పొలమైతే రెండేళ్లు, ఎద్దయితే ఏడాది అనుభవించాక సొంతమవుతుంది. క్రీ.పూ. 450 ప్రాంతపు పన్నెండు పలకల చట్టం (రోమ్ తొలి లిఖిత చట్టం) నాటి గడువులివి. ఆలోపే ఎవడైనా లాక్కుంటే? అక్కడే ప్రీటర్ తెలివి చూడాలి. ఈయన న్యాయ వ్యవహారాలు చూసే, ఏడాది పదవిలో ఉండే రోమన్ అధికారి. చట్టాన్ని మార్చకుండానే, గడువు నిండిపోయినట్టే అనుకుని తీర్పు చెప్పమని జడ్జికి రాసిచ్చేవాడు.

దావాలకు గడువులు పెట్టే మన 1963 లిమిటేషన్ చట్టంలో ప్రైవేటు భూమికి ఇలాంటి గడువు 12 ఏళ్లు. రోమ్‌లో మంచి నమ్మకంతో పుచ్చుకుని ఉండాలి, మన దగ్గర ఆ షరతు లేదు. ఈ తేడా ఎందుకో ఆలోచించడం అలవాటైన పిల్ల భూమి కేసులో తడబడదు.

నా బెంగల్లా వేరే. ఎల్‌ఎల్‌ఎం ఒక్కదానితో జర్మనీలో లాయరు కాలేరు, అక్కడి వాళ్లు రెండు స్టేట్ ఎగ్జామ్‌లు రాసి అవుతారు. చదువయ్యాక ఇక్కడికొస్తుందా, అక్కడే పరిశోధనలో ఉంటుందా అని కూర్చోబెట్టి అడగండి. ఉంటానంటే ఈ వేసవిలోనే జర్మన్ భాష క్లాసులో చేర్పించండి. లాటిన్ తర్వాత చూసుకోవచ్చు.