టెక్ సందేహాలు: బ్యాంకాక్‌లో ఈ-సిమ్ వేసుకుంటే బ్యాంకు ఓటీపీ వస్తుందా?

ప్రశ్న: నాలుగు రోజులకు ఒక్కడినే బ్యాంకాక్ వెళ్తున్నాను. అక్కడ నెట్ కోసం ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) తీసుకుందామనుకుంటున్నా. మరి ఇండియా సిమ్ తీసేయాలా? ఓటీపీల సంగతేంటి? – హన్మకొండ పాఠకుడు

జవాబు: సిమ్ తీయొద్దు. తీస్తే ఓటీపీలు రావడం ఆగిపోతుంది, అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. యూపీఐ యాప్‌లు, చాలా బ్యాంకు యాప్‌లు మీ సిమ్‌తో ముడిపడి ఉంటాయి. సిమ్ కనిపించకపోతే మళ్లీ రిజిస్టర్ చేసుకోమంటాయి. ఆ రిజిస్ట్రేషన్ కోసం మీ నంబర్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్లాలి. విదేశం నుంచి పంపితే దానికి రోమింగ్ ఛార్జీ పడుతుంది, ఒక్కోసారి అసలు వెళ్లదు కూడా. అందుకే ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచి బ్యాంకు యాప్ లాగౌట్ చేయడం, తీసేసి మళ్లీ వేయడం, ఫోన్ మార్చడం లాంటివి పెట్టుకోవద్దు.

ముందు మీ ఫోన్‌కు ఈ-సిమ్ సదుపాయం ఉందో లేదో చూసుకోండి. *#06# డయల్ చేస్తే ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల నంబర్ కనిపించాలి. అది లేకపోతే ఈ-సిమ్ కొనొద్దు. బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయంలోనే పాస్‌పోర్టు చూపించి మామూలు టూరిస్ట్ సిమ్ తీసుకుని రెండో స్లాట్‌లో వేసుకోండి. కొన్ని ఫోన్లలో ఆ రెండో స్లాట్‌లోనే మెమరీ కార్డు ఉంటుంది. సిమ్ వేయాలంటే కార్డు తీయాల్సిందే, కాబట్టి అందులోని ఫొటోలు ముందే కాపీ చేసుకోండి. ట్రే తీసే పిన్ను కూడా వెంట ఉండాలి.

ఈ-సిమ్ ఉన్న ఫోనైతే ఇంట్లో వైఫై మీదే ఇన్‌స్టాల్ చేసుకోండి. దిగాక చూద్దాంలే అనుకుంటే, ఈ-సిమ్‌ను ఎక్కించే క్యూఆర్ స్కాన్ చేయడానికే నెట్ కావాలి. అయితే వ్యాలిడిటీ ఎప్పటి నుంచి లెక్కేస్తారో ముందు చదవండి. కొన్నింటికి ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే మొదలవుతుంది, కొన్నింటికి అక్కడి నెట్‌వర్క్ తగిలాక. ఒకసారి ఎక్కించాక డిలీట్ చేయొద్దు. చాలా క్యూఆర్‌లు రెండోసారి పనిచేయవు.

ఇక సెట్టింగ్స్. మొబైల్ డేటాకు థాయ్ ఈ-సిమ్‌ను ఎంచుకోండి. ఇండియా సిమ్ ఆన్‌లో ఉండాలి కానీ దానికి డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉండాలి. ‘డేటా స్విచింగ్’ అనే ఆప్షన్ ఉంటే అదీ ఆఫ్ చేయండి. లేదంటే ఈ-సిమ్ సిగ్నల్ తగ్గినప్పుడల్లా ఫోన్ మీకు చెప్పకుండా ఇండియా సిమ్ డేటా వైపు దూకే వీలుంది. ఎక్కువమంది తడబడేది ఈ తర్వాతి మెట్టు దగ్గర: ఈ-సిమ్‌కు మాత్రం డేటా రోమింగ్ ఆన్ చేయాలి. ఈ ట్రావెల్ ఈ-సిమ్‌లు చాలావరకు వేరే దేశపు ఆపరేటర్‌వి, థాయ్‌లాండ్‌లో అవీ రోమింగ్‌లోనే ఉన్నట్టు. సిగ్నల్ గీతలు నిండుగా ఉండి నెట్ రాకపోతే తొంభై పాళ్లు ఇదే కారణం. అప్పటికీ రాకపోతే ఈ-సిమ్ కంపెనీ ఇచ్చిన ఏపీఎన్ (ఫోన్‌ను నెట్‌కు కలిపే సెట్టింగ్) సరిగ్గా పడిందో లేదో చూడండి.

ప్రీపెయిడ్ సిమ్ అయితే బయల్దేరే ముందే అంతర్జాతీయ రోమింగ్ యాక్టివేట్ చేయించుకోండి. లేకపోతే అక్కడ నెట్‌వర్కే పట్టదు, ఓటీపీ మాట దేవుడెరుగు. ఇన్‌కమింగ్ ఎస్సెమ్మెస్‌లకు సాధారణంగా డబ్బు పడదు. కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది, మోగితే మోగనివ్వండి. వాట్సాప్ కొత్త నంబర్‌కు మారతారా అని అడిగితే వద్దనండి. పాత నంబర్‌తోనే కొత్త డేటా మీద చక్కగా నడుస్తుంది.

ఓటీపీ వచ్చినా కార్డు పనిచేయకపోవచ్చు. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం కింద ఏటీఎం, దుకాణం, ఆన్‌లైన్ మూడింటికీ విడివిడిగా మీటలుంటాయి. కావాల్సినవి ఇక్కడే ఆన్ చేసుకోండి. వీధి బండి మీద కూడా ప్రాంప్ట్‌పే (మన యూపీఐ లాంటి థాయ్ చెల్లింపు పద్ధతి) క్యూఆర్ కనిపిస్తుంది కానీ మన యూపీఐని నమ్ముకుని వెళ్లొద్దు. చేతిలో బాట్లు, అంటే థాయ్ నగదు, ఉండాలి. అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డుకు ఒక్కో విత్‌డ్రాకు 220 బాట్ల చుట్టుపక్కల వసూలు చేస్తాయి, అందుకే నాలుగుసార్లు కాకుండా ఒకేసారి తీసుకోండి. ‘రూపాయల్లోకి మార్చమంటారా’ అని తెర మీద అడిగితే వద్దని నొక్కండి. ఆ మారకం రేటు ఏటీఎం వాళ్లది, దాదాపు ఎప్పుడూ మనకే నష్టం.

ప్రశ్న: థాయ్‌లాండ్‌లో దిగే ముందు వివరాలు నింపే అరైవల్ కార్డు కోసం ఒక సైట్ రూ.2,500 అడుగుతోంది. నిజమేనా? – విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: కట్టకండి. 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ డిజిటల్ కార్డు, అంటే టీడీఏసీ, పూర్తిగా ఉచితం. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనలు వదిలేసి అడ్రస్ బార్ చూడండి. అసలు సైట్ పేరు ‘ఇమ్మిగ్రేషన్ డాట్ జీవో డాట్ టీహెచ్’తో ముగుస్తుంది. మధ్యలో ఎక్కడో టీడీఏసీ అని ఉండి చివర డాట్ కామ్ అంటే అది ఏజెంట్ల దుకాణం. దిగే తేదీకి ముందు మూడు రోజుల్లోపే నింపాలి. పాస్‌పోర్టు, విమానం నంబర్, హోటల్ అడ్రస్ దగ్గర పెట్టుకుంటే పది నిమిషాల పని. వచ్చిన క్యూఆర్‌ను ఈమెయిల్‌లో వదిలేయకుండా గ్యాలరీలో సేవ్ చేసుకోండి.

ప్రశ్న: నా పవర్ బ్యాంక్ 30,000 ఎంఏహెచ్. విమానంలో రానిస్తారా?

జవాబు: ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే మీది 111 వాట్ అవర్స్. 100 దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. నాలుగు రోజులకు అంత బరువెందుకు? 10,000ది చాలు. వోల్టేజీ మార్పులో పోయేది పోగా 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను ఒకటింబావుసార్లు నింపుతుంది. ఏదైనా సరే క్యాబిన్ బ్యాగులోనే, చెకిన్ సూట్‌కేస్‌లో కుదరదు. కొన్ని విమానాల్లో గాల్లో ఉండగా వాడనివ్వరు. ఫోన్ చార్జర్‌కు మన రెండు పిన్నుల ప్లగ్ అక్కడ మామూలుగా సరిపోతుంది. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్‌కే అడాప్టర్ కావాలి.

ప్రశ్న: అక్కడ ఫోన్ పోతే ఒంటరిగా ఏం చేయాలి?

జవాబు: వేరే ఫోన్‌లో గూగుల్ తెరిస్తే ధ్రువీకరణ కోరేది పోయిన ఫోన్‌నే. అందుకే గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ, టూ-స్టెప్ వెరిఫికేషన్‌లోకి వెళ్లి, ఆ ఫోన్ లేకుండానే లాగిన్ అయ్యేందుకు బ్యాకప్ కోడ్‌లు ముందే తీసుకోండి. ఎనిమిదేసి అంకెలవి పది వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి, ఫోన్ కవర్‌లో కాదు, పాస్‌పోర్టు దగ్గర పెట్టండి. బ్యాంకు కార్డు బ్లాక్ చేసే విదేశీ హెల్ప్‌లైన్ నంబర్, థాయ్ లిపిలో హోటల్ అడ్రస్ కూడా అదే కాగితం మీద ఉంటే టాక్సీ వాడికి చూపించి గదికైనా చేరొచ్చు.