లెన్స్ తిప్పడం కాసేపు ఆపు బిడ్డా

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

మీ ఇంటి స్లైడ్ ప్రొజెక్టర్ గురించి నువ్వు ఫోన్‌లో చెప్పినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. స్లైడ్ పడగానే బొమ్మ బాగుంటుంది, కాసేపటికి దానంతట అదే మసకబారుతుంది. మీ బాపు లేచి లెన్స్ తిప్పుతాడు. అది సర్దుకునేసరికి తర్వాతి స్లైడ్ వస్తుంది, మళ్లీ మసక. కొన్నిటిలో నడుమ బాగుంటే అంచులు పోతున్నాయి. బతుకమ్మకు చుట్టాలంతా దిగేలోపు ఇది తేలాలన్నావు. తేలుతుంది, పరేషాన్ కాకు. లెన్స్ పాడైందని కొత్తదాని కోసం మాత్రం అప్పుడే వెతకొద్దు. కొడాక్ వాళ్లు స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీ 2004లోనే ఆపేశారు. ఇప్పుడు దొరికేవి చాలావరకు వాడి పక్కన పడేసినవే, మీ ఇంట్లోదానికన్నా మేలుగా ఉంటాయన్న భరోసా లేదు. కాలేజీలో పాఠాలకు ప్రొజెక్టర్ నడిపిన అనుభవంతో చెబుతున్నాను, ఇలాంటి తిప్పల్లో లెన్స్ తప్పు తక్కువ. కదిలేది ఎక్కువగా ఫిల్మే.

ఎందుకో ఒక చిన్న లెక్క చూడు. స్లైడ్ అంటే చట్రంలో బిగించిన ఫిల్మ్ ముక్కే కదా, అందులో బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. మీరు దాన్ని సుమారు మీటరున్నర వెడల్పు తెర మీద వేస్తున్నారు, అంటే 40 రెట్లు. ఫిల్మ్ తన చోటు నుంచి మిల్లీమీటరులో పదోవంతు ముందుకో వెనక్కో జరిగితే, ఫోకస్ పరంగా అది తెరను 16 సెంటీమీటర్లు జరిపినంత పని. 40ని 40తో గుణించాలి, అందుకే అంత తేడా. తెర బెత్తెడు అటూ ఇటూ అయినా మన కన్ను క్షమిస్తుంది. ఫిల్మ్ వెంట్రుక మందం కదిలితే పట్టేసుకుంటుంది.

అలా కదిలించేది వేడి. మీ ప్రొజెక్టర్‌లో 24 వోల్టుల, 250 వాట్ల హాలోజన్ బల్బు ఉంది కదా, దాని వేడి సూటిగా ఆ చిన్న ముక్క మీద పడుతుంది. ఫిల్మ్ మీద రంగులుండేది జిలెటిన్ పొరలో, అందులో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది. వేడికి ఆ తేమ పోతుంది, పొర ఒకలా, కింది ప్లాస్టిక్ ఒకలా సాగుతాయి. అట్ట మౌంట్‌లో, అంటే అట్ట చట్రంలో, ఫిల్మ్‌ను నాలుగు అంచుల దగ్గరే పట్టుకుంటారు, నడుమ ఆధారం లేదు. నూనె డబ్బా అడుగును బొటనవేలితో నొక్కితే టక్కున అటువైపుకు పోతుందే, ఫిల్మ్ కూడా వంపు మార్చేసుకుంటుంది. ముదురు రంగు స్లైడ్లు వెలుతురును ఎక్కువ మింగి ఎక్కువ వేడెక్కుతాయి కాబట్టి ఇంకా తొందరగా వంగుతాయి. గర్భగుడి లోపల తీసిన నల్లటి బొమ్మలే ముందు మసకబారుతున్నాయని నువ్వు అన్నావు చూడు, కారణం ఇదే.

ఇది నిజంగా ఫిల్మ్ పనేనా, మెషీన్ పనా అని తేల్చుకోవడానికి ఒక పని చెయ్యి. మీ బాపు పెట్టెలో రీలు చివర వచ్చిన ఖాళీ స్లైడ్లు ఉండే ఉంటాయి. వెలుతురు తగలని స్లైడ్ ఫిల్మ్ కడిగాక పూర్తి నల్లగా వస్తుంది, అవే కావాలి. రెండు తీసుకో. దీపం కింద ఏటవాలుగా పట్టి చూస్తే ఒక వైపు మెరుస్తుంది, రెండో వైపు కాస్త మొద్దుగా ఉంటుంది. ఆ మొద్దు వైపే జిలెటిన్. ఆ వైపున గుండుసూదితో నడుమ ఒక చిన్న ఇంటూ గుర్తు, నాలుగు మూలల్లో నాలుగు గుర్తులు గియ్యి. నొక్కి గియ్యకు, పొర లేస్తే చాలు. ఒకదాన్ని అట్ట మౌంట్‌లోనే ఉంచి, రెండోదాన్ని గాజు మౌంట్‌లో, అంటే ఫిల్మ్‌ను రెండు గాజు పలకల నడుమ పట్టే చట్రంలో, పెట్టు. అసలు స్లైడ్లను గేటులో, అంటే బల్బు ముందు స్లైడ్ కూర్చునే చోట, నిమిషాల తరబడి కాల్చకుండా ఫోకస్ చూసుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు కనబడలేదు.

ప్రొజెక్టర్ వేసి పది నిమిషాలు వేడెక్కనివ్వు. తర్వాత గాజుది వేసి నడిమి గుర్తును పదునుగా పెట్టి, ఇక ఎవరూ లెన్స్ ముట్టొద్దు. అయిదు నిమిషాలు చూడు. గుర్తు చెక్కుచెదరకుండా నిలబడితే మెషీన్ బాగున్నట్టే. ఇప్పుడు అట్టది వెయ్యి. అది కొన్ని క్షణాల్లో మసకబారి, మళ్లీ ఫోకస్ చేశాక ఇక కదలకపోతే దోషం ఫిల్మ్‌ది. గాజుది కూడా జారిపోతుంటే అప్పుడు మెషీన్‌ను అనుమానించు.

మూలల గుర్తులు ఇంకో కథ చెబుతాయి. నడుమ పదును, నాలుగు మూలలూ ఒకే తీరున మసక అంటే వంపు తేడా. ఎడమ బాగుండి కుడి పోతే ప్రొజెక్టర్ తెరకు నేరుగా లేదు, లేదా స్లైడ్ గేటులో సరిగా కూర్చోలేదు. పైన పోయి కింద బాగుంటే ప్రొజెక్టర్‌ను కింద పెట్టి పైకి ఎత్తి కొడుతున్నారన్న మాట. మీ బాపుకు పీట మీద పెట్టి ముందు కాళ్ల కింద పుస్తకాలు దోపే అలవాటు ఉంది, నేను చూశాను. ఎత్తు బల్ల వేసి లెన్స్‌ను తెర నడిమికి దాదాపు సమానంగా తేండి. వీలు కాకపోతే తెర పై అంచును కాస్త ముందుకు వంచండి. తెర అంటే గుర్తొచ్చింది, దుప్పటి కడుతున్నట్టయితే ఫ్యాన్ ఆపాలి. సున్నం వేసిన తెల్ల గోడ దుప్పటి కన్నా వెయ్యి రెట్లు నయం.

వంపు తేడా సంగతి కాస్త నిదానంగా చదువు, చాలామందికి తెలియనిది ఇదే. స్లైడ్ లెన్స్‌లు రెండు రకాలు. చదునైన ఫిల్మ్ కోసం చేసినవి ఒకటి, వేడికి వంగిన ఫిల్మ్ కోసం చేసినవి రెండోది. రెండో రకం లెన్స్ ఆ వంపును ముందే లెక్కలో పెట్టుకుంటుంది. కొడాక్ ఎక్టానార్ అయితే పేరు పక్కన సి అక్షరం ఉంటుంది, లైకా కలర్‌ప్లాన్ అయితే సీఎఫ్ అని ఉంటుంది. ఆ లెన్స్‌తో అట్ట మౌంట్ స్లైడ్లు మూలల దాకా బాగా వస్తాయి, అదే లెన్స్‌తో గాజు మౌంట్ వేస్తే మూలలు పోతాయి. మామూలు లెన్స్‌తో సరిగ్గా తిరగబడుతుంది. అందుకని నడుమ గుర్తుకూ మూలల గుర్తుకూ మధ్య రాజీ చెయ్యాల్సి వస్తే, నడుమకూ అంచుకూ సగం దూరంలో ఉన్న చోట ఫోకస్ పెట్టు. అప్పుడు నడుమ కొంచెం, మూల కొంచెం తగ్గినా చూసేవాళ్లకు తెలియదు.

స్లైడ్‌ను వెనకాముందు తిప్పి పెట్టినా వంపు తిరగబడుతుంది. మొద్దు వైపు లెన్స్ కేసి ఉండాలి. గుడి స్తంభాల బొమ్మ తిరగేసినా గుర్తు పట్టలేం, కాబట్టి బోర్డు మీద అక్షరాలు, చీర పైట, చేతి గడియారం లాంటివి చూసి సరిచూసుకో.

మరి అన్నీ గాజులో పెట్టేస్తే పోదా అంటావు. పెట్టొద్దు. గాజుకూ ఫిల్మ్‌కూ మధ్య రంగురంగుల వలయాలు పడతాయి, దానికి ప్రత్యేకమైన గరుకు గాజు కావాలి. అంతకన్నా పెద్ద చిక్కు మన వానాకాలం. ముసురు రోజుల్లో మూసిన గాజులో చెమ్మ లోపలే ఉండిపోతుంది. వేడి తగలగానే తెర మీద పొగమంచులా లేచి పాకుతుంది, చూసేవాళ్లు అదీ ఫోకస్ తప్పే అనుకుంటారు. నెలల తరబడి అలా ఉంటే ఫంగస్ పడుతుంది, అది జిలెటిన్‌ను తినేస్తుంది. ఫంగస్ పట్టిన ఫిల్మ్‌ను నీళ్లతో తుడవకు, ఆ పొర ఊడి వస్తుంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం స్లైడ్లు, 2006లో బాగు చేయడానికి దాన్ని విప్పకముందువి ఉన్నాయే, ఆ కొన్నింటికి గాజు వేసుకో, చాలు. మిగతావి అట్టలోనే ఉండనివ్వు. ట్రే 140 స్లైడ్లదైతే గాజు మౌంట్లు అందులో పట్టవు, 80 స్లైడ్ల ట్రే వాడు.

అట్ట మౌంట్లకు మందు చాలా సులువు. షో రోజు పొద్దున్నే స్లైడ్లను బీరువాలోంచి తీసి ట్రేలో సర్ది, షో గదిలోనే పెట్టు. ఏసీ గదిలో ఉన్నవి ఉక్కపోత గదిలోకి తెచ్చి వెంటనే వెయ్యకు. ముందురోజు సిలికా జెల్ సంచులతో డబ్బాలో మూసి ఉంచితే ఇంకా మంచిది. మెషీన్‌ను ముందే వేడెక్కించి, మొదట రెండు మూడు అనవసరమైన స్లైడ్లు వేసి, ఫిల్మ్ వంగాల్సినంత వంగాక ఫోకస్ పెట్టు. తర్వాత ప్రతిసారీ లెన్స్ తిప్పనక్కర లేదు. కొత్త స్లైడ్ పడగానే కొంచెం మసకగా ఉంటుంది, రెండు మూడు క్షణాల్లో తనే పదునెక్కుతుంది. మీ బాపు ఆ రెండు క్షణాలు ఆగలేక తిప్పేస్తాడు, అది కుదుటపడగానే మళ్లీ వెనక్కి తిప్పాలి. సగం గోల అదే. షో రోజు బావను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టు, కథలు ఆయన చెబుతాడు, స్విచ్ నీ చేతిలో ఉండనీ. బల్బుకు తక్కువ, ఎక్కువ అని రెండు స్థాయిలుంటే తక్కువలో పెట్టు. గది చీకటిగా ఉంటే ఆ వెలుతురు సరిపోతుంది, వేడి తగ్గుతుంది.

ఇంత చేసినా స్లైడ్లు ఎక్కువగా వంగుతుంటే, ముఖ్యంగా మాడిన వాసన వస్తే, ఆపెయ్. ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారాక బల్బు గూడు తెరిచి చూడు. బల్బుకూ స్లైడ్‌కూ మధ్య కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న పలచటి గాజు పలక ఒకటి ఉండాలి. వేడిని చాలావరకు ఆపేది అదే. రిపేరుకు ఇచ్చినప్పుడు అది పగిలితే చెప్పకుండా తీసేసి మూసి ఇచ్చినవాళ్లు మనకు కొత్త కాదు. అది లేకుండా ఒక్క స్లైడ్ కూడా వెయ్యొద్దు. ఫ్యాన్ గాలి పీల్చే చోటు కూడా చూడు. మీ పాత ఇల్లు ఏనుమాముల మార్కెట్ దారిలో ఉండేది, అటక మీద ప్రొజెక్టర్ అన్నేళ్లు ఉంది, పత్తి నూగు జాలీలో గడ్డకట్టి ఉన్నా నేను ఆశ్చర్యపోను. మెత్తటి బ్రష్‌తో తీసెయ్. వేలితో బల్బు గాజును మాత్రం ముట్టకు, పైలం.

గాజు పరీక్ష స్లైడ్ కూడా జారిపోతుంటే లెన్స్ గొట్టం వదులైందని అర్థం. గొట్టం లోపలికి వెళ్లే అంచు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, పది నిమిషాల తర్వాత చూడు. గీత జరిగితే గొట్టం చుట్టూ సన్నటి టేపు ముక్క అంటించి బిగుతు చెయ్యి. జూమ్ లెన్స్ అయితే బొమ్మ సైజు ముందు, ఫోకస్ తర్వాత. ఆటో ఫోకస్ ఉంటే గాజు మౌంట్లకు దాన్ని ఆపెయ్, దాని వెలుతురు ఫిల్మ్‌కు బదులు గాజుకు తగిలి తిరిగొస్తుంది. అందుకే గాజువి, అట్టవి కలిపి పేర్చకు. లెన్స్ లోపల పాలలాంటి మసక ఉంటే అది ఫోకస్ జబ్బు కాదు. లెన్స్ తీసి ట్యూబ్‌లైట్ కేసి ఏటవాలుగా పట్టి చూడు.

చివరికి కొన్ని బొమ్మలు ఏం చేసినా కుదరవు. తెరకు దగ్గరగా వెళ్లి చూడు. ఫిల్మ్ మీది సన్నటి చుక్కలు పదునుగా కనిపిస్తూ మనిషి ముఖం మసకగా ఉంటే, తీసినప్పుడే కెమెరా కదిలింది. గుడి చీకట్లో, వెలుతురు బాగా కావాల్సిన 64 ఏఎస్ఏ ఫిల్మ్ వేసి, స్టాండు మొయ్యడానికి బద్ధకించి చేత్తో తీసిన మహానుభావుడు మీ ఇంట్లోనే ఉన్నాడు, ఆయననే అడుగు.

ఆదివారం పరీక్ష స్లైడ్లు వేసి చూసి, లెన్స్ ముందు రింగు మీద రాసి ఉన్నదంతా చదివి నాకు ఫోన్ చెయ్యి. సాయంత్రం అయిదు దాటాక ఖాళీగా ఉంటాను.

మీ మామ

తా.క. షో కన్నా ముందు మండపం స్లైడ్లను స్కాన్ చేయించు. వాటిలో కొడాక్ వాళ్ల కోడాక్రోమ్ ఫిల్మ్ ఉంటే, జిలెటిన్ వైపు ఏటవాలుగా చూసినప్పుడు బొమ్మ చెక్కినట్టు ఎత్తుపల్లాలుగా కనిపిస్తుంది. చీకట్లో ఉంచితే ఆ రంగులు చాలా ఏళ్లు నిలుస్తాయి కానీ ప్రొజెక్టర్ వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి. అలాంటివి తెర మీద పది క్షణాలకు మించి ఉంచకు, మీ పెద్దమ్మ ఇంకోసారి వెయ్యమని అడిగినా సరే.