పాత ఏటీవీకి డిస్కు బ్రేకులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: అయ్యా, మాకు మలికిపురం దగ్గర కొబ్బరితోట, దాని వెనుక వెనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. గట్ల మీద మేత బస్తాలు, ఏరియేటర్ల సామాను మోయడానికి ఒక పాత హోండా ఫోర్‌ట్రాక్స్ 300 ఏటీవీ, అంటే ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల బండి, కొన్నాము. ముందు చక్రాలకు ఆయిలు డ్రమ్ము బ్రేకులు, వెనుక ఇరుసుకు తీగతో పనిచేసే డ్రమ్ము ఉన్నాయి. ఎండ కాసినప్పుడు ఫరవాలేదు గాని, వాన పడిన రోజున లివరు ఎంత గట్టిగా పట్టినా బండి ఆగడం లేదు. మొన్న తూము దగ్గర గట్టు దిగుతూ త్రుటిలో చెరువులో పడే ప్రమాదం తప్పింది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టించమని అందరూ చెబుతున్నారు. పెట్టించవచ్చా?
— ఒక రైతు, కోనసీమ

సమాధానం: ముందుగా ఒక మాట. ఈ బ్రేకులు బాగయ్యే వరకు బరువు వేసి ఆ గట్టు దిగవద్దు. రెండు వైపులా చెరువులున్న సన్నని గట్టు మీద బ్రేకు పట్టకపోతే తప్పించుకునే చోటు ఉండదు, బండి కింద చిక్కుకుని నీటిలో పడిన మనిషి మోకాలి లోతులోనైనా ప్రాణం పోగొట్టుకోవచ్చు.

మీ జాబులోనే జబ్బు ఆనవాలు ఉన్నది. ఎండలో పట్టే బ్రేకు వానలో పట్టడం లేదంటే డ్రమ్ము చాలక కాదు, డ్రమ్ములోకి నీరు చేరుతున్నది. డ్రమ్ముకూ, దానిని లోపలి నుంచి ఒత్తే షూల మీది లైనింగుకూ మధ్య నీటి పొర నిలిచినప్పుడు రాపిడి పుట్టదు. ఎంత బలంగా నొక్కినా షూ జారుతూనే ఉంటుంది. మీ బండి రకం 1988 నుంచి 2000 దాకా తయారైంది కనుక అన్నిటికన్నా కొత్తదానికి కూడా పాతికేళ్ళు నిండాయి. నీరు, బురద లోపలికి రాకుండా డ్రమ్ము అంచుకూ, దానిని వెనుక నుంచి మూసే బ్యాక్ ప్లేటుకూ మధ్య బిగించిన రబ్బరు సీలు ఇన్నేళ్ళకు గట్టిపడి, అంచు అరిగి, చీలిపోయి ఉంటుంది. దానికి తోడు, బరువుతో గట్లు దిగి వేడెక్కిన డ్రమ్ము ఒక్కసారిగా బోదెలోని చల్లని నీటిలో మునిగితే, లోపలి గాలి కుంచించుకుని ఆ చీలికల గుండా నీటిని తానే పీల్చుకుంటుంది. అలా చేరిన నీరు బయటికి పోదు. మీది ఉప్పునీటి ప్రాంతం కాబట్టి ఆ నీరు త్వరలోనే, షూలను నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్లను తుప్పుతో బిగదీస్తుంది. అప్పుడు ఒక షూ పని చేస్తుంది, రెండవది కదలదు.

కనుక డిస్కుల మాట ఎత్తకముందు ముందు చక్రాల డ్రమ్ములు రెండూ విప్పించండి. విప్పేటప్పుడు లోపలి పొడిని కంప్రెసరు గాలితో ఊదనివ్వవద్దు. ఆ కాలపు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ ధూళి ఊపిరితిత్తులలోకి పోతే చేసే హాని ఏళ్ళు గడిచాక గాని బయటపడదు. తడిబట్టతో తుడిచి, ఆ బట్టను సంచిలో మూటగట్టి పారవేయాలి. మన మెకానిక్ షెడ్లలో కుర్రవాళ్ళు మొహం మీద ఏ గుడ్డా లేకుండా ఈ పని చేయడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. బండి యజమానిగా మీరు చెబితే వారు వింటారు.

డ్రమ్ము లోపలి వ్యాసాన్ని కొలిపించండి. ఎంత దాకా అరగవచ్చునో సాధారణంగా డ్రమ్ము మీదే అచ్చు పోసి ఉంటుంది. ఆ కొలత దాటితే లేతు మీద సాపు చేయించినా ప్రయోజనం లేదు, డ్రమ్మునే మార్చాలి. వీల్ సిలిండర్లలో గుంటలు పడి ఉంటే లోపలి రబ్బరు కప్పులు మాత్రమే మార్చి సరిపెట్టవద్దు, ఎందుకంటే తుప్పు గుంట కొత్త రబ్బరును కూడా కోసి వేస్తుంది. షూలు, సిలిండర్లు, డ్రమ్ము సీళ్ళు, హబ్బు సీళ్ళు, ఆయిలు గొట్టాలు అన్నీ ఒకేసారి కొత్తవి వేయించి, సీలు అంచుకు నీటికి కరగని గ్రీజు పట్టించి, బ్యాక్ ప్లేటు నుంచి పైకి పోయే గాలి గొట్టం మూసుకుపోలేదని చూసుకుంటే, చాలా బండ్లలో ఫిర్యాదు అక్కడితో తీరిపోతుంది. నిజానికి మూత బాగున్న డ్రమ్ము మన ఒండ్రు మట్టికి తగిన బ్రేకే. డిస్కు బయటికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి తడి త్వరగా ఆరుతుంది గాని, గట్టు బురద డిస్కుకూ, దానిని రెండు వైపులా ఒత్తే ప్యాడ్లకూ నడుమ చేరి ఆకురాయిలా రెంటినీ అరగదీస్తుంది.

అయినా డిస్కు వైపు మొగ్గవలసిన సందర్భం ఒకటి ఉన్నది. చక్రానికి రెండు వీల్ సిలిండర్లున్న డ్రమ్ములో, ముందుకు పోయేటప్పుడు చక్రం తిరిగే వేగమే రెండు షూలనూ డ్రమ్ములోకి లాగి మీ చేతి బలానికి తోడవుతుంది. బండి వెనక్కి జారేటప్పుడు అదే తిప్పుడు షూలను డ్రమ్ము నుంచి వెనక్కి నెట్టజూస్తుంది. అందువలన గట్టు ఎక్కలేక వెనక్కి జారే బండిని ఆ డ్రమ్ము గట్టిగా పట్టలేకపోతుంది. డిస్కుకు ముందు వెనుకల భేదం లేదు. మీ పని ఎక్కువగా నిటారు గట్లు ఎక్కడమైతే, రోజూ చక్రం ఇరుసు దాకా మునిగే నీటిలో తిరగవలసి వస్తే, ఆ బండి రకం కోసమే తయారైన పూర్తి సెట్టు, అంటే హబ్బు, డిస్కు, ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే కాలిపరు, దానిని పట్టే బ్రాకెట్టు, లివరు పట్టినప్పుడు ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండర్ కలిపి, దొరికినప్పుడు డిస్కు పెట్టించండి. రిమ్ము లోపల కాలిపరుకు చోటు ఉన్నదో లేదో డబ్బు కట్టకముందే కొలుచుకోండి. ప్యాడ్లలో లోహపు పొడిని వేడితో గట్టిపరచి చేసే సింటర్డ్ రకం తడిలో, బురదలో బాగా పడుతుంది. డిస్కును కొంచెం త్వరగా అరగదీస్తుంది. మీకు అదే మేలు.

వెనుక డ్రమ్మును కూడా మరువవద్దు. దానిలో షూలను తెరిచే కామ్ షాఫ్టు గ్రీజు ఎండి బిగుసుకుంటే ఎంత సర్దినా తీగ వృథాగా సాగుతుంది. పైగా ముందు బ్రేకు పని చేయక వెనుక ఒక్కటే పడితే, దిగుడులో వెనుక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. మీకు తూము దగ్గర జరిగినది ఇదే అయి ఉంటుందని నా అనుమానం. మొదటి గేరులో, ఇంజను పట్టు మీద దిగండి.

ప్రశ్న: నేను పాలకొల్లులో మెకానిక్కును. ఏటీవీకి కంపెనీ సెట్టు దొరకనందున బైకు కాలిపర్లు తెచ్చి, లేతు మీద బ్రాకెట్టు చేయించి, పాత మాస్టర్ సిలిండరుకే కలిపాను. ఒక బండిలో చక్రం వదలకుండా రాచుకుంటున్నది, ఇంకొక దానిలో లివరు హ్యాండిలుకు తగులుతున్నది. లోపం ఎక్కడ?

సమాధానం: రెండు లోపాలకూ మూలం మాస్టర్ సిలిండరులోనే ఉండవచ్చు. కొన్ని డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లలో లైనులో కొంత ఒత్తిడి ఎప్పుడూ నిలిచి ఉండేలా ఒక చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిడి హాని చేయదు. కాలిపరులో అటువంటి స్ప్రింగు లేదు, పిస్టను సీలు మెలికే దానిని కొద్దిగా వెనక్కి తెస్తుంది. నిలిచిన ఒత్తిడి ఆ పనిని జరగనివ్వదు, ప్యాడ్లు రాచుకుంటూ డిస్కు కాలిపోతుంది. వాల్వు లేకపోయినా రాచుకుంటే కాలిపరు జారే పిన్నులను, మాస్టరులోకి ఆయిలు తిరిగివచ్చే సన్న రంధ్రాన్ని చూడండి.

రెండవ బండికి ముందుగా గాలిని అనుమానించండి. కాలిపర్లు కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే గాలి తీసే బ్లీడింగ్ నిప్పిలు కిందికి వస్తుంది. గాలి పైన నిలుస్తుంది కనుక ఎన్నిసార్లు లివరు కొట్టినా పూర్తిగా పోదు. నిప్పిలు ఎప్పుడూ కాలిపరుకు అన్నిటికన్నా పైన ఉండాలి. గాలి లేదని తేలాక కొలతలు చూడాలి. 14 మిల్లీమీటర్ల వ్యాసం గల మాస్టరు స్థానంలో 12.7 మిల్లీమీటర్లది వేస్తే అదే చేతి బలానికి ఒత్తిడి సుమారు 21 శాతం పెరుగుతుంది, కాని అంతకు తగ్గట్టే ఆయిలు తక్కువగా నెట్టడం వలన లివరు ఎక్కువ దూరం లాగవలసి వస్తుంది. పెద్ద పిస్టన్ల కాలిపరుకు చిన్న మాస్టరు జోడిస్తే మీరు చెప్పినదే జరుగుతుంది.

ఇంకొక మాట కూడా మీకు చెప్పక తప్పదు. కాలిపరు బ్రాకెట్టు మీద బ్రేకు పట్టినప్పుడల్లా చక్రం తిప్పుడు బలమంతా పడుతుంది. అది వెల్డింగు మీద ఆధారపడితే ఒకనాడు గట్టు మీదే విరుగుతుంది. మందపాటి ఉక్కు పలకను కోసి, చక్రం హబ్బును మోసే నకిల్‌కు బోల్టులతో పట్టేలా చేయించలేకపోతే ఆ పని ఒప్పుకోవద్దు, గిరాకీ పోయినా సరే.

ప్రశ్న: మా వైపు గాలిలోనే చెమ్మ ఎక్కువ. బ్రేకు ఆయిలు ఏది వాడాలి, ఎన్నాళ్ళకు మార్చాలి?
— నరసాపురం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మాస్టర్ సిలిండర్ మూత మీద ఏది రాసి ఉంటే అదే. డాట్ 3, డాట్ 4 అనే ఆయిలు రకాలు రెండూ గాలిలోని చెమ్మను పీల్చుకునేవే. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా నిలవాలి; 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. ఆయిలు మరిగితే ఆవిరి పుట్టి లివరు మెత్తబడుతుంది. మామూలుగా రెండేళ్ళకు మారుస్తారు, మీరు ఏటా తొలకరికి ముందే మార్పించండి. మూత తెరిచి ఉంచిన డబ్బాలోని పాత ఆయిలు పోయనివ్వవద్దు. సిలికానుతో చేసే డాట్ 5ను వీటిలో దేనితోనూ కలపరాదు, డాట్ 5.1 అనేది వేరు, అది డాట్ 4 కోవకే చెందుతుంది. చెరువు పని అయ్యాక బండిని మంచినీటితో కడగండి గాని, ప్రెషరు పంపు ధారను సీళ్ళ మీదికి నేరుగా పట్టవద్దు. కడిగాక యాభై గజాలు బ్రేకు కొద్దిగా పట్టి నడిపితే తడి ఆరుతుంది.